తప్పు ఒప్పుకున్న కోడి

పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి టీవీలో, సాయంత్రం పిల్లలు చూసే కార్యక్రమంలో, ఒక కోడి ముక్కు తెరిచి మగ గొంతుతో "నేనే చేశాను" అంది. ఒక్క సెకను. ఆ తర్వాత మామూలు కోడిలాగే అరుచుకుంటూ పరుగెత్తింది. ఆ ఊళ్ళో చాలామంది పకపకా నవ్వారట. కొందరు ఫోన్లు చేశారు. ఆ కోడి చేత ఆ మాట అనిపించింది నేను.

నా ఉద్యోగ జీవితంలో ఇదొక్కటే తప్పు అని చెప్పను. ఒకసారి కూర్చుని లెక్క వేస్తే చెప్పుకోదగ్గవి పదకొండు తేలాయి. మిగిలిన పదీ పొడవు తక్కువవి. మన తెలుగువాళ్ళ పిల్లలు కొందరు ఈమధ్య "అంకుల్, మీరు టీవీ స్టేషన్‌లో ఏం చేసేవారు?" అని అడిగారు. మీరందరూ ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. మీకూ ఎప్పుడో ఒకరోజు గదిలో నలుగురూ ఉండగా "ఇది ఎవరి పని?" అనే ప్రశ్న వస్తుంది. అందుకని ఇది రాస్తున్నాను.

మాది ఏలూరు. నా చదువు ఎస్సెల్సీతో ఆగింది. పదకొండేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ గదిలో పనిచేశాను. అప్పట్లో ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిచేవి. ఇక్కడ ఒక రీలు అయిపోగానే సైకిల్ మీద రెండో హాలుకి పంపాలి. అక్కడ ఆట ఎన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలుపెడితే రీలు అందుతుంది, దారిలో రైల్వే గేటు పడితే ఏమవుతుంది, ఇవన్నీ సుద్దముక్కతో గోడ మీద వేసేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. తప్పితే జనం కుర్చీలు విరగ్గొట్టేవారు కాబట్టి వచ్చేసింది.

మా ఆవిడ నర్సు. డెబ్బైల మధ్యలో ఆవిడ ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చాం. పిస్కాటవేలో అపార్ట్‌మెంటు. ఆవిడ వచ్చిన పదో రోజున పనిలో చేరింది. నేను మూడేళ్ళలో నాలుగు పనులు మారాను. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉండగా, కొంచెం దూరంలోని ఒక చిన్న టీవీ స్టేషన్‌లో ఫిల్ము అతికించే మనిషి కావాలని తెలిసింది. వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఒక రీలు చేతిలో పెట్టి "ఇది ఎన్ని నిమిషాలు?" అన్నాడు. బరువు చూసి, చుట్ట మందం వేలితో కొలిచి, "పన్నెండున్నర" అన్నాను. గడియారం పెట్టి తిప్పి చూశాడు. పన్నెండు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. "సోమవారం రా" అన్నాడు.

ఏలూరులో ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడిచేది. ఇక్కడ సన్న ఫిల్ము, ముప్ఫై ఆరు అడుగులు. రెండు దేశాలకీ ఉన్న తేడాల్లో నాకు మొట్టమొదట అర్థమైంది ఇదే.

మాది పెద్ద స్టేషన్ కాదు. హైవే పక్కన, పరుపుల దుకాణం వెనకాల ఉండేది. పాత సీరియళ్ళు, కుస్తీలు, ఆదివారం పొద్దున చర్చి ప్రార్థనలు, ఇవే మా సరుకు. ఫిల్ము గదిలో ముగ్గురం. ఒకరు ఆ పెద్దాయన. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. కథ చూడకుండా కత్తెర పట్టేవాడు కాదు. రెండోది ప్రొజెక్టర్లు తిప్పే ఆవిడ. నూవర్క్ ఊరి నల్లజాతి మనిషి, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. మేనేజర్ని కూడా "బేబీ" అనే పిలిచేది. మూడో మనిషిని నేను. ఫిల్ము మీది ఒక్కో బొమ్మనీ, అంటే ఒక్కో ఫ్రేమునీ లెక్కపెడుతుంటానని నన్ను పెద్దాయన "మిస్టర్ ఫ్రేమ్" అనేవాడు. మేం ముగ్గురం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాకు వినపడినట్టుగా తెలుగులో రాస్తున్నాను.

సాయంత్రం ఐదింటికి వచ్చే ఒక పాత హాస్య సీరియల్ మా స్టేషన్‌కి అన్నం పెట్టేది. ఓడ పగిలి ఒక దీవి మీద చిక్కుకుపోయిన కొందరి కథ. ప్రతిసారీ బయటపడే దారి ఒకటి దొరుకుతుంది. ప్రతిసారీ ఏదో ఒకటి చెడుతుంది. వాళ్ళలో ఒక తడబాటు మనిషి ఉంటాడు. తిట్లన్నీ వాడికే. తిట్టినవాళ్ళే మళ్ళీ వాడి పక్కన కూర్చుని భోంచేస్తారు.

మధ్యాహ్నం తిండి దగ్గర మా ముగ్గురికీ దీని మీదే వాదన.

"నేనైతే మొదటి వారంలోనే వాణ్ణి సముద్రంలోకి తోసేసేదాన్ని" అనేది ప్రొజెక్టర్ ఆవిడ.

"తోసేస్తే రెండో వారం ఎవరిని తిడతావ్?" అనేవాడు పెద్దాయన.

"నిన్ను, బేబీ. దగ్గర్లోనే ఉన్నావుగా."

నేను మాటలతో వాదించేవాణ్ణి కాదు. ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పక్కన ఎపిసోడ్ నంబరు, కుడి పక్కన "తప్పు ఎవరిది". డెబ్బై రెండు ఎపిసోడ్లు అయ్యాక మొత్తం కూడి చూపించాను. తడబాటు మనిషి నలభై తొమ్మిది, కెప్టెన్ ఎనిమిది, మిగతావాళ్ళు పది, వాతావరణం ఐదు.

"చూశారా? మూడింట రెండు వంతులు వాడిదే" అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు పైకి జరిపి పుస్తకం చూశాడు. "మిస్టర్ ఫ్రేమ్, ఇవన్నీ నువ్వు పూర్తిగా చూశావా?"

"మన స్టేషన్‌లో వచ్చిందంతా చూశాను."

"అదే అడుగుతున్నా" అని శాండ్‌విచ్ తినడంలో పడ్డాడు. ఆ మాటకి అర్థం నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. ఆ ఎపిసోడ్లు తీసిన కాలంలో ప్రకటనలు తక్కువ. మా కాలానికి పెరిగాయి. అందుకని ప్రతి ఎపిసోడ్లోంచీ ఒకటి రెండు ముక్కలు కోసేవాళ్ళం. అయితే ప్రింటు మాది కాదు. పంపిణీ కంపెనీది. మా దగ్గర ఆడాక తర్వాతి ఊరి స్టేషన్‌కి పోస్టులో పంపాలి, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి. దాన్ని ఇక్కడివాళ్ళు సైకిల్ తొక్కించడం అంటారని మొదటిసారి విన్నప్పుడు, ఏలూరు రైల్వే గేటు గుర్తొచ్చి నాకు మనసు కుదుటపడింది. పంపేముందు కోసిన ముక్కని మళ్ళీ అదే చోట అతికించాలి. అది నియమం. ముక్కలు అతికించేదాకా గోడకి మేకులకి వేలాడుతూ ఉండేవి.

పెద్దాయన పద్ధతి ఏమిటంటే, ప్రతి ముక్కకీ కాగితపు టేపు అంటించి దాని మీద ఒక మాట రాసేవాడు. "తాడు", "కొబ్బరికాయలు", "అల్లరి" ఇలా. నాకది సుతరామూ నచ్చేది కాదు. కొబ్బరికాయలు లేని ఎపిసోడ్ ఏది? అందుకని నేను కొత్త పద్ధతి పెట్టాను. ముక్క పొడవు అడుగుల్లో, ఫ్రేముల్లో కొలిచి ఆ అంకెలు మాత్రమే రాయడం. అడుగుకి నలభై ఫ్రేములు. రెండు ముక్కలు ఒక్క ఫ్రేము తేడా కూడా లేకుండా ఉండటం జరగదని లెక్క కట్టాను. అదే అంకెలు ఆ ఎపిసోడ్ డబ్బా మీద కూడా ఉంటాయి. జత చూసి అతికించడమే.

"దాంట్లో ఏముందో చూడక్కర్లేదా?" అన్నాడు పెద్దాయన.

"పొడవు చూస్తే చాలు."

"సరే, నీ ఇష్టం" అన్నాడు. ఆరు నెలలు ఒక్క పొరపాటు లేదు. పంపేముందు ప్రింటు మొత్తం తిప్పి చూసి కార్డు మీద సంతకం పెట్టాల్సిన ప్రొజెక్టర్ ఆవిడ కూడా, మొదటి నిమిషం, చివరి నిమిషం చూసి సంతకం పెట్టడం మొదలుపెట్టింది. "నీ లెక్క తప్పదుగా బేబీ" అనేది. నిజం చెప్పాలంటే, ఆ మాట విన్న రోజున ఇంటికి కారు కొంచెం వేగంగా నడిపేవాణ్ణి.

మన తెలుగువాళ్ళ కలయికల్లో ఆ మాట నాకెవరూ అనేవారు కాదు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. ఒక డాక్టర్ గారు ఒకసారి, "ఏవండీ, ఆ దీవి షో మా పిల్లలు కదలకుండా చూస్తున్నారు. మీరేనటగా తీసేది?" అన్నారు. "తీసేది కాదండీ, కోసేది" అన్నాను. ఆయన నవ్వి, పక్కాయన వైపు తిరిగి ఇంటి మార్ట్‌గేజ్ సంగతి ఎత్తుకున్నారు. అలాంటివాడికి, ఒక గదిలో ఇద్దరు మనుషులు తన లెక్కని కళ్ళు మూసుకుని నమ్మడం ఎంత పెద్ద విషయమో మీరు ఊహించుకోవచ్చు.

ఇంక కోడి దగ్గరికి వస్తాను.

ఒక వారం రెండు ఎపిసోడ్లకి నలభై ఒక్క సెకన్ల చొప్పున తగ్గించాల్సి వచ్చింది. మొదటిదాంట్లో ప్రకటనలకి ముందు సరిగ్గా అంత ముక్క కనిపించింది. మొదటి ఫ్రేములో కెప్టెన్ నోరు తెరుస్తున్నాడు, చివరి ఫ్రేములో ఇద్దరు మనుషులు సముద్రం వైపు నడుస్తున్నారు. మధ్యలో ఏముందో చూడలేదు. కోశాను. రెండోదాంట్లో కూడా అలాంటిదే దొరికింది. మొదటి ఫ్రేములో కోడి ముక్కు తెరుస్తోంది. అదీ కోశాను. రెండూ ఇరవై నాలుగు అడుగుల ఇరవై నాలుగు ఫ్రేములు. జరగదని లెక్క కట్టిన సంగతి నా చేతులతో నేనే చేసి, పక్కపక్క మేకులకి తగిలించి, రెండింటి మీదా "24-24" అని అందంగా రాశాను. గురువారం రెండూ అతికించాను, ఒకదాని స్థానంలో ఒకటి. మొదటి ప్రింటు ఆ రోజే పోస్టులో వెళ్ళిపోయింది. రెండోది బీరువాలో ఉంది.

కోడి మాట్లాడటానికి కారణం చెబుతాను. ఆ సన్న ఫిల్ములో బొమ్మకి ఇరవై ఆరు ఫ్రేములు ముందుగా దాని శబ్దం ఉంటుంది. అంటే సెకను పైన కొంచెం. ముక్క కోస్తే, దాని మొదటి సెకను మాట అసలు ప్రింటులోనే మిగిలిపోతుంది. మా ప్రసారంలో ఆ సెకను ప్రొజెక్టర్ ఆవిడ శబ్దం తగ్గించేసేది. పెన్సిల్వేనియా వాళ్ళకి మేం ముక్క మార్చామని తెలియదు కదా. అక్కడ బొమ్మ కోడిది, మాట కెప్టెన్‌ది.

మరుసటి వారం శుక్రవారం పొద్దున ఆ స్టేషన్ వాళ్ళు మా మేనేజర్‌కి ఫోన్ చేశారు. మేనేజర్ కొత్తగా వచ్చినవాడు, ప్రకటనలు అమ్మే విభాగం నుంచి. మా ముగ్గుర్నీ పిలిచాడు.

"కోడి మాట్లాడిందట" అన్నాడు. "పంపిణీ కంపెనీకి తెలిస్తే ప్రింట్లు ఆపేస్తారు. ఐదింటి షో లేకపోతే మనం తలుపులు మూసుకోవాలి. ముందే మనం వాళ్ళకి లెటర్ రాయాలి. ఎవరు చేశారు?"

నాకు అప్పటికే తెలిసిపోయింది. "24-24" అన్న అంకెలు కళ్ళ ముందు రెండుగా కనిపించాయి. నాలుక మాత్రం పైకి లేవలేదు.

"ఫిల్ము గది నాది" అన్నాడు పెద్దాయన. "తప్పు నాది."

"సోమవారం పొద్దునకల్లా కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ పేరే లెటర్‌లో వెళ్తుంది. ఆ మనిషిని తీసేశామని కూడా రాస్తాను. ఊరికే సారీ చెబితే వాళ్ళు వినరు."

గదికి తిరిగొచ్చాం. బీరువాలోంచి రెండో ప్రింటు తీసి చూశాను. కెప్టెన్ నోరు తెరిచాడు, కోడి కూత వినిపించింది. మొదటి సెకను కాగానే మెషీను ఆపేశాను. మిగతాది చూసే ధైర్యం లేకపోయింది.

పెద్దాయన కోటు వేసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "నాకు రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. నీకు ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది. నీకు లెక్కలు బాగా వచ్చుగా. చూసుకో."

చూసుకున్నాను. అదే నా బాధ. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఆ లెక్కే వేశాను. ఏడు నెలలు ఒక పక్క, ఇరవై ఏళ్ళు ఒక పక్క. ఏ రకంగా వేసినా ఆయన చెప్పిందే సరి. నా ఉద్యోగం పోతే మళ్ళీ అట్టపెట్టెలు. ఆయన వెళ్ళిపోతే కాస్త ముందుగా ఇంటికి వెళ్ళడమే. నేను నోరు మూసుకుంటే చాలు. లెక్క కుదిరినా అన్నం మాత్రం దిగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కంచం చూసి, "పప్పు అలాగే ఉందేంటండీ? ఉప్పు తక్కువైందా?" అంది.

చెప్పేశాను. లెక్క కూడా చెప్పాను, ఏడు నెలలు, ఇరవై ఏళ్ళు.

"ఆయన ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నాడు అక్కడ?"

"ముప్ఫై."

"అది ఎక్కడ రాశారు మీ లెక్కలో?"

నేను కంచంలో పప్పు కెలికాను.

"ముప్ఫై ఏళ్ళు చేసి, కోడి చేత మాట్లాడించాడని పేరు మోసుకుంటూ వెళ్ళాలన్నమాట ఆ ముసలాయన. బాగానే ఉంది. కావలసినంత కోసుకుని, మిగిలింది కూడుకుంటే ఏ లెక్కైనా కుదురుతుందండీ" అని కంచం తీసేసింది. తర్వాత వంటింట్లోంచి అంది, "ఉద్యోగం పోతే పోనివ్వండి. నాకో ఉద్యోగం ఉందిగా. కాకపోతే మీరు ఇంట్లో కూర్చుని నా పోపుడబ్బాలో ఆవాలు లెక్కపెట్టనని మాటివ్వండి."

సోమవారం ముందుగా వెళ్ళి ఒక కాగితం రాశాను. లేబుల్ పద్ధతి నాదని, రెండు ముక్కలూ కోసిందీ అతికించిందీ నేనని, తేదీతో సహా. కింద సంతకం పెట్టాను.

మేనేజర్ గదిలోకి వెళ్ళేసరికి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆయన కాగితం. దాని పక్కన నాది పెట్టాను. పెద్దాయన నా వైపు చూసి, "ఏంటిది?" అన్నాడు.

"సరి చేసిన లెక్క" అన్నాను. కారులో వచ్చేటప్పుడు తయారు చేసుకున్న మాట అది.

అంతలో తలుపు తట్టకుండా ప్రొజెక్టర్ ఆవిడ వచ్చి మూడో కాగితం పెట్టింది. "నేను చూడకుండా సంతకం పెట్టాను. చూసి ఉంటే ఆ కోడి గడప దాటేది కాదు. రాసుకో బేబీ, తప్పు నాది."

మేనేజర్ మూడు కాగితాలూ పేకముక్కల్లా పట్టుకున్నాడు. "నేను అడిగింది ఒక్క పేరు."

"ఒకటి ఏరుకో" అంది ఆవిడ.

"ఇదేంటి, ఇక్కడ కూడా ఆ దీవి షో నడుపుతున్నారా?"

"ఆ దీవిలో కొబ్బరికాయలైనా ఉంటాయి."

"ముగ్గుర్నీ తీసేస్తాను!"

"తీసెయ్యి. ఐదింటి షోకి ఫిల్ము ఎక్కించడం నీకొచ్చా? మధ్యలో తెగితే పళ్ళతో పట్టుకోవాలి. మంచి టై, మడిచి లోపల పెట్టుకో."

మేనేజర్ గడియారం చూశాడు. పది దాటింది. పెద్దాయన కిటికీలోంచి పరుపుల దుకాణం వైపు చూస్తున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని భుజాలు చెప్పాయి. మేనేజర్ మూడు కాగితాలూ కలిపి మడిచి సొరుగులో పెట్టాడు. "లెటర్‌లో 'ఫిల్ము గది' అని రాస్తాను. పేరు రాయను. ఆ ప్రింటు ఎల్లుండి అక్కణ్ణుంచి ఇంకో ఊరికి వెళ్ళాలి. ఈ రోజే వెళ్ళి సరి చేసి రండి." తర్వాత నా వైపు వేలు చూపించాడు. "నువ్వు మూడు నెలలు కత్తెర ముట్టుకోవద్దు. ప్రతి ప్రింటూ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసి పంపు. ఒక్క సెకను వదలకుండా."

మనుషులకి తగిన శిక్ష వెయ్యడం చాలామందికి చేతకాదు. ప్రకటనలు అమ్ముకునే ఆ మనిషికి ఆ రోజు ఎలా చేతనైందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పెద్దాయన పాత కారులో రెండున్నర గంటలు ప్రయాణం. రెండో ప్రింటులోంచి తీసిన కెప్టెన్ ముక్క నా ఒళ్ళో డబ్బాలో ఉంది. దారి పొడవునా ఆయన బేస్‌బాల్ గురించే మాట్లాడాడు. ఆ స్టేషన్‌లో కాఫీ ఇచ్చారు. "మావాళ్ళకి కోడి చెప్పిందే నచ్చింది, ఉంచెయ్యకూడదా?" అని ఒకడు నవ్వాడు. పెద్దాయన కోడి ముక్క తీసి కెప్టెన్ ముక్క అతికించాడు. "తిప్పి చూద్దాం. మొత్తం" అన్నాడు.

చిన్న తెర ముందు ఇద్దరం కూర్చున్నాం. కట్టిన తెప్ప రాత్రికి రాత్రి సముద్రంలోకి కొట్టుకుపోతుంది. తాడు ఊడింది. అందరూ తడబాటు మనిషిని తిడతారు. వాడు మూట కట్టుకుని దీవి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోతాడు. ఇక్కడిదాకా నేను మా స్టేషన్‌లో చూసిందే. నా నోటుబుక్కులో దీని ఎదురుగా "తడబాటు మనిషి" అని రాసి ఉంది. తర్వాత కెప్టెన్ వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి నోరు తెరిచాడు.

"నేనే చేశాను. ఆ ముడి వేసింది నేను. నిద్రమత్తులో సరిగ్గా పడలేదు. పొద్దున్నుంచీ చెబుదామనే అనుకుంటున్నా. అందరూ నిన్ను తిడుతుంటే, నీకు తిట్లు అలవాటేగా అనుకున్నా."

తడబాటు మనిషి ఇసకలో పుల్లతో గీస్తూ అన్నాడు. "తెలుసు కెప్టెన్. ముడి నేను చూశాను."

"చూసి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారని."

ఇద్దరూ లేచి సముద్రం వైపు నడిచారు. నలభై ఒక్క సెకన్లు.

మా స్టేషన్ చూసిన పిల్లలకి ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం ఆ మనిషి దోషిగానే మిగిలిపోయాడు. తర్వాత అందరూ వాడితో కూర్చుని ఎందుకు భోంచేశారో ఎవరికీ అర్థమై ఉండదు. నేను పక్కన చూశాను. పెద్దాయన శాండ్‌విచ్ విప్పి సగం నా వైపు జరిపాడు. శుక్రవారం గురించి ఆయన ఆ రోజూ మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. మేకుకి వేలాడిన ముక్కల మీద ఉన్నది నా చేతిరాత అని ఆయనకి మొదటి నిమిషం నుంచీ తెలుసు. నేను చెబుతానని చూశాడో లేదో నాకు తెలియదు.

ఆ మూడు నెలలు ప్రతి ప్రింటూ కోసిన ముక్కలతో సహా చూశాను. ఆ డెబ్బై రెండు ఎపిసోడ్లూ తిరిగి తిరిగి వచ్చేవే కాబట్టి నోటుబుక్కు మళ్ళీ మొదటి నుంచి రాశాను. నలభై తొమ్మిది కాస్తా ముప్ఫై ఏడయింది. పన్నెండుసార్లు నేను, సాక్ష్యం గోడకి తగిలించి, ఆ మనిషి మీద తప్పు వేశానన్నమాట. కొత్త మొత్తాలు తిండి దగ్గర చదివి వినిపిస్తే ప్రొజెక్టర్ ఆవిడ అంది, "ముప్ఫై ఏడైనా ఎక్కువేగా. అయినా తోసెయ్యలేదు చూడు వాళ్ళు." మళ్ళీ తనే, "మేమూ నిన్ను తోసెయ్యలేదనుకో" అంది.

ముక్కల మీద అంకెలు రాయడం మానలేదు. పక్కన ఒక మాట కూడా రాయడం మొదలుపెట్టాను. కొబ్బరికాయలైతే ఎన్ని కొబ్బరికాయలో కూడా.

పెద్దాయన తన ఏడు నెలలూ పూర్తి చేసుకుని, కేకు కోయించుకుని, సముద్రం దగ్గర చిన్న ఇల్లు చూసుకుని వెళ్ళాడు. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు వచ్చేది. కింద సంతకం ఉండేది కాదు, "24-24" అని ఉండేది. ఎనభైల మధ్యకి ఫిల్ము గది మూసేశారు. అంతా వీడియో టేపులే. నేనూ ప్రొజెక్టర్ ఆవిడా టేపుల గదికి మారాం. అక్కడ కొయ్యడాలు, అతికించడాలు లేవు. కంపెనీవాళ్ళే కోసి పంపేవారు.

ఒక సెలవు రోజు సాయంత్రం ఇంట్లో మా అమ్మాయి ఆ దీవి షో చూస్తోంది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. నేను పక్కన కూర్చున్నాను. తెప్ప కొట్టుకుపోయిన ఎపిసోడ్ అది. అందరూ తిట్టారు. వాడు మూట కట్టుకుని వెళ్ళాడు. ఒడ్డున ఒంటరిగా కూర్చున్నాడు. అంతే, కారు ప్రకటన వచ్చింది. నలభై ఒక్క సెకన్లు కావలసి వచ్చి, నలభై ఒక్క సెకన్ల ముక్క దొరికిన నాలాంటివాడు ఎవడో ఆ కంపెనీలోనూ ఉన్నాడు. ఈసారి దాన్ని తిరిగి అతికించేవాళ్ళు లేరు.

"నాన్నా, దట్స్ సో మీన్! వాడు ఏం చెయ్యలేదు కదా?" అంది.

"నీకెలా తెలుసు?"

"వాడి ఫేస్ చూడు. ఏం చెయ్యలేదు వాడు." అని నా వైపు తిరిగింది. "ఏంటి, ఏం కౌంట్ చేస్తున్నావ్?"

పెదవులు కదులుతున్నాయని నాకు తెలియలేదు.

"ఇప్పుడు అక్కడ కెప్టెన్ వచ్చి తప్పు ఒప్పుకుంటున్నాడమ్మా. ఇక్కడ కనపడదు."

"రియల్లీ? అయిపోయిందా?"

"లేదు. ఇంకా పదమూడు సెకన్లుంది."

అది రిమోట్ కింద పెట్టింది. ఇద్దరం కారు ప్రకటన చూస్తూ, ఆ పదమూడు సెకన్లూ అయిపోయేదాకా కూర్చున్నాం.